ఎడమ చెవి ధ్రువీకరణ

జిల్లా నివాస ధ్రువీకరణ కార్యాలయానికి ‘లోపరహిత కార్యాలయం’ అని రాజధాని నుంచి పత్రం వచ్చింది. దానికి అద్దం కట్టించి, గోడకు మేకు కొట్టి, కింద కొబ్బరికాయ కొట్టి తగిలించారు. ఆ మర్నాటి నుంచి ఒక్క ఫొటో కూడా కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో కనిపెట్టాల్సినవాడు పేర్రాజు. ఆ కార్యాలయంలో కంప్యూటర్లూ, వాటి తీగలూ చూసుకునే కాంట్రాక్టు టెక్నీషియను. ముప్పై రెండేళ్లవాడు, నెమ్మదస్తుడు. తీగ పట్టుకుంటే కొస దొరికేదాకా వదలడు గాని, పై అధికారి ఎదురుగా నిలబడితే నోరు పెగలదు. కథ ఇంత పొడుగవడానికి ఆ రెండో గుణమే కారణం.

ఆ కార్యాలయం చేసే పని చాలా చిన్నది. ఫలానా మనిషి ఫలానా ఊళ్లో ఉంటున్నాడని రాసి, ఫొటో పెట్టి, సంతకం చేసి ఇవ్వాలి. అర్జీలు కింద తీసుకుంటారు, సంతకాల గది పైన. పూర్వం అటెండరు కాగితాలు చంకన పెట్టుకుని మెట్లెక్కేవాడు. దారిలో నలుగురితో కబుర్లు చెప్పినా సాయంత్రానికి చేర్చేవాడు. ఇప్పుడది కాగితరహిత కార్యాలయం కూడాను. మెట్ల మీద కాగితంతో కనిపించినవాడికి మెమో ఇస్తారు.

వీటికి తోడు, ఆ పత్రం తగిలించిన రోజునే కొత్త ముచ్చట ఒకటి వచ్చింది. ఉన్న ఒక్క తీగలోనే అయిదు సెక్షన్లకూ అయిదు వేరు వేరు నెట్‌వర్కులు పెట్టారు. అవి కంటికి కనపడవు గాని ఉన్నట్టే లెక్క. ఒక సెక్షను సంగతులు ఇంకో సెక్షను కంట పడకుండా ఉండడానికట. ప్రారంభోత్సవం రోజున ఆ ఒక్క తీగకే అయిదు రిబ్బన్లు కట్టి, అయిదుసార్లు కత్తిరించారు. అయిదోసారి తీగ కూడా తెగితే పేర్రాజు అతికించాడు.

గేటు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న నూకరత్నానికి ఈ గొడవలేవీ తెలియవు. ఆమె కూతురు లోవలక్ష్మికి పొరుగు జిల్లా నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. నివాస ధ్రువీకరణ పత్రం ఆ నెల మూడో శనివారం సాయంత్రం అయిదింటిలోగా కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు జాబితాలో తరవాతి పిల్లకి పోతుంది.

“ఏం బాబూ, మా పిల్ల కాయితం పైకెక్కిందా?” అని నూకరత్నం రోజూ ఇడ్లీ ప్లేటు అందిస్తూ అడిగేది.

“చూస్తన్నానక్కా,” అనేవాడు పేర్రాజు.

నిజంగానే చూశాడు. కింది కంప్యూటరు నుంచి పై కంప్యూటరుకి ఒక చిన్న పలకరింపు పంపాడు. బదులొచ్చింది. పెద్దది పంపాడు, బదులు లేదు. అప్పుడు ఓపిగ్గా కూచుని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాడు. పధ్నాలుగు వందల అరవై ఎనిమిది బైట్ల దాకా వెళ్తోంది. అరవై తొమ్మిది ఆగిపోతోంది. వెళ్లాల్సింది డెబ్బై రెండు. సరిగ్గా నాలుగు తక్కువ. పేర్రాజుకి రోగం చిక్కింది.

పరుగున సూపరింటెండెంటు మాణిక్యాంబ గారి దగ్గరికి వెళ్లాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు ఆవిడది. ఏ నిబంధన ఏ పేజీలో ఉందో అడిగితే కళ్లు మూసుకుని చెప్పగలదు.

“మేడమ్, కంప్యూటరు ఫొటోని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా ఒక్కో కవర్లో పెట్టి పంపుద్దండి. ఇప్పుడు కొత్తగా ప్రతి కవరు మీదా ఏ సెక్షనుదో చెప్పే చీటీ అంటిస్తన్నాం. చీటీకి నాలుగు బైట్లు. పైన సంతకాల గదిలో ఉన్నది పాత నెట్‌వర్క్ కార్డు. నిండు కవరొస్తే చీటీతో కలిపి కొలుచుకుని, నాలుగు ఎక్కువుందని పారేస్తంది. పారేశానని చెప్పదు కూడానండి.”

“మరి ఉత్తరాలు వెళ్తున్నాయి కదయ్యా?”

“చిన్న ఉత్తరానికి కవరు నిండదండి. అందుకని దూరిపోతంది.”

“అయితే ఏం చెయ్యాలి?”

“ఆ కార్డులో ఒక అంకె మార్చాలండి. కవరు మీది చిరునామాకి పోయే ఇరవై ఎనిమిదీ కలిపి అక్కడ పదిహేను వందలుంది. దాన్ని పదిహేను వందల నాలుగు చెయ్యాలి. నిమిషం పని.”

మాణిక్యాంబ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంది. “నిమిషం పని అని సార్ దగ్గర మాత్రం అనకు,” అంది.

సార్ గది బోర్డు తలుపు మీద పట్టక గోడ మీదికి పాకింది. ‘శ్రీ కొత్తలంక వేంకట సత్య నాగ సూర్య ప్రభాకరం, అదనపు సంయుక్త సంచాలకులు (నివాస ధ్రువీకరణ) మరియు పూర్తి అదనపు బాధ్యతల సమన్వయాధికారి’ అని దాని మీద రాసి ఉంది. అది చదువుతూ నడిస్తే కిటికీ దాకా వెళ్లి వెనక్కి రావాలి.

ప్రభాకరం గారు విషయమంతా విని, గోడ మీది అద్దం కట్టిన పత్రంకేసి చూపించాడు.

“లోపరహిత కార్యాలయంలో లోపం కలదని మీరు సూచిస్తున్నారా?”

“లోపం కాదండి. నాలుగు తక్కువండి,” అన్నాడు పేర్రాజు గొంతు సవరించుకుని.

“తక్కువగుట లోపములో అంతర్భాగమే. సదరు పత్రంలో ఏ అంకెలు తనిఖీ అయినవో అవి యథాతథంగా ఉండవలెను. మార్పు అవసరమైనచో ప్రధాన కార్యాలయం వారి అనుమతి పొందవలెను. మౌఖిక ఆదేశాలు చెల్లవు. నమూనా పదిహేడు పూరించి, పరికరం ఫొటో జతచేసి, నెట్‌వర్కు ద్వారా మాత్రమే పంపండి.”

పేర్రాజు నమూనా పదిహేడు పూరించాడు. ముప్పై ఒక్క పేజీలు. ఫొటో జతచేశాడు. బయటికి వెళ్లే ప్రతిదీ సంతకాల గది కంప్యూటరు మీదుగానే వెళ్లాలి. అంచేత ఫొటోలు వెళ్లడం లేదన్న అర్జీ, ఫొటో ఉన్నందువల్ల, వెళ్లలేదు. ప్రధాన కార్యాలయానికి ఫోను చేస్తే, రాతపూర్వకంగా పంపమన్నారు. కాగితం మీద రాసి పంపమంటారా అంటే, ఇది కాగితరహిత రాష్ట్రం అని కోప్పడి పెట్టేశారు.

వారం తిరిగింది. కింద నాలుగు వందల అర్జీలు పోగుపడ్డాయి. ప్రభాకరం గారు సమావేశం పెట్టాడు.

“పెద్దవి పోవడం లేదు. చిన్నవి పోవుచున్నవి. ఈ పరిస్థితిలో వివేకవంతుడైన అధికారి ఏమి చేయవలెను?” అని అందరి మొహాలూ చూశాడు. తనే జవాబు చెప్పాడు. “పెద్దవాటిని చిన్నవి చేయవలెను.”

అందరూ చప్పట్లు కొట్టారు. అంకె జోలికి పోకుండా ఇంత సులువైన దారి ఉందని అప్పటిదాకా ఎవరికీ తట్టనే లేదు.

మొదటి సర్క్యులరు ప్రకారం ఫొటోలన్నీ సగానికి కత్తిరించారు. వెళ్లలేదు. రెండో సర్క్యులరు ప్రకారం పావు చేశారు. అదీ వెళ్లలేదు. పావు ఫొటో అయినా పది పన్నెండు నిండు కవర్లు అవుతుంది. అందులో ఒక్క కవరు ఆగినా ఫొటో ఆగినట్టే. ఫొటో, పేరు, చిరునామా, సంతకం అన్నీ కలిపి ఒక్క కవర్లో ఇమిడితే తప్ప ఈ పద్ధతిలో లాభం లేదు. ఈ ముక్క చెబుదామని పేర్రాజు రెండుసార్లు సార్ గది దాకా వెళ్లి, బోర్డు చదువుకుని వెనక్కి వచ్చాడు. మూడోసారి చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

“అటులైనచో ఒక్క కవరుకు సరిపడు మేరకు మనిషిని పరిమితం చేయుదము,” అన్నాడు ప్రభాకరం గారు ఉత్సాహంగా. మొహంలో ఏ భాగం ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నదానికి ముగ్గురితో కమిటీ వేశాడు.

కమిటీ రెండు రోజులు కూచుంది. కళ్లు ఉంచుదామంటే, శుక్లాల ఆపరేషను చేయించుకున్నవాళ్ల సంగతేమిటన్నారు. ముక్కు అంటే, జలుబు కాలంలో ఎర్రబడి గుర్తు తప్పుతుందన్నారు. మీసం అన్నాడొక జూనియరు. మాణిక్యాంబ గారు అతనికేసి చూసిన చూపుకి మిగతాది మింగేశాడు. చివరికి ఆవిడే దారి చూపించింది.

“ఫొటోలో చెవి స్పష్టంగా కనపడవలెను అని నిబంధనల్లో ఉంది సార్, నలభై రెండో పేజీ. మొహం కనపడవలెనని ఎక్కడా లేదు.”

అందరూ పుస్తకం తెరిచి చూశారు. నిజంగానే లేదు. మొహం ఎటూ ఉంటుందిలే అనుకుని ఏనాడో ఎవరో రాయడం మానేసి ఉంటారు. నమూనా ఫొటోలో ఎడమ చెవి కనిపిస్తోంది కనక మూడో సర్క్యులరులో ఎడమ చెవి ఖాయం చేశారు.

మర్నాడు వరండాలో స్టూలు వేసి జనాన్ని పక్కకి తిప్పి కూచోబెట్టారు. మఫ్లర్లు విప్పించారు, జుట్టు వెనక్కి దోపించారు. చెవిలో వెంట్రుకలున్న పెద్దాయన ఒకాయన, క్షవరం చేయించుకుని రేపొస్తానని వెళ్లిపోయాడు. లోవలక్ష్మి వంతు వచ్చింది. ఆ పిల్ల కిందటి వారమే చెవికి రెండో కన్నం కుట్టించుకుంది. పూడిపోకుండా అందులో చిన్న వేపపుల్ల గుచ్చి ఉంది.

“పుల్ల తీసెయ్యమంటారా అండి?” అంది.

“ఉన్నది ఉన్నట్టు ఉండాలమ్మా. మనది లోపరహిత కార్యాలయం,” అంది మాణిక్యాంబ గారు.

చెవి ఇమిడింది గాని పేరు ఇమడలేదు. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరానికి మూడింతల చోటు తింటుంది. గోదావరి జిల్లాల్లో పేరంటే నలుగురు దేవుళ్లయినా ఉంటారాయె. నాలుగో సర్క్యులరు వచ్చింది. అర్జీదారుల పేర్లు రెండు అక్షరాలకు మించరాదు. అలా గుబ్బల లోవలక్ష్మి తలుపులమ్మ ‘గు.లో.’ అయింది. చిరునామాలో ఒక్క పదమే ఉండాలన్నది అయిదో సర్క్యులరు. ఏ పదమో చెప్పలేదు కనక గుమస్తా చివరి పదం ఉంచాడు. లోవలక్ష్మి ఇల్లు పాత బస్టాండు దాటాక ఐసు ఫ్యాక్టరీ వెనక. పత్రంలో ఆమె నివాసం ‘వెనక’ అని పడింది.

ఇంతలో మూడో శనివారం వచ్చేసింది.

ఆ పొద్దున్న నూకరత్నం పేర్రాజుకి ఇడ్లీ పెట్టింది. చట్నీ రెండోసారి వేసింది. కాయితం సంగతి మాత్రం అడగలేదు. కూతురి సంచి సర్ది బండి కింద పెట్టుంది. దాని మీద కొత్త చెప్పుల జత కూడా ఉంది. ఎంత అడిగినా పేర్రాజుకి ఇంత బాధ ఉండేది కాదు. తనకు తెలిసిన జబ్బుకి, తన చేతిలో ఉన్న మందు వెయ్యలేకపోతున్నందుకు వాడికి సిగ్గేసింది.

మధ్యాహ్నం రెండింటికి గు.లో. పత్రాన్ని ఆఖరిసారి కొలిచాడు. పధ్నాలుగు వందల డెబ్బై రెండు. ఇంకా నాలుగు ఎక్కువ. వెళ్లి సార్ గదిలో చెప్పాడు. మాణిక్యాంబ గారు కూడా అక్కడే ఉంది.

“ఆ ‘గు’ కూడా తీసేస్తే?” అంది ఆవిడ.

పేర్రాజు ఆవిడకేసి చూశాడు. ఇన్నాళ్లూ పెగలని నోరు అప్పుడు పెగిలింది.

“ఆ పిల్ల దగ్గర తియ్యడానికి ఇంకేం మిగల్లేదండి. మొహం తీసేశాం, పేరు తీసేశాం, ఇల్లు తీసేశాం. ఆ పత్రంలో ఇంకా నిండుగా ఉన్నది ఒక్కటేనండి. సార్ గారి పేరూ హోదా.”

ప్రభాకరం గారు కుర్చీలో ముందుకు జరిగాడు.

“న్యాయమే,” అన్నాడు పెద్దమనసు చేసుకుని. “సర్క్యులరు అందరికీ వర్తించవలెను. ‘అదనపు’ అను పదం తొలగించండి.”

“అది తీస్తే తమరు సంయుక్త సంచాలకులు అయిపోతారు సార్,” అంది మాణిక్యాంబ గారు. “పై పోస్టు అది. ఆర్థిక శాఖ అనుమతి లేదు.”

“అయితే ‘సంయుక్త’ తొలగించండి.”

“అదనపు సంచాలకులు అవుతారు. ఇంకా పై పోస్టు సార్.”

“రెండునూ తొలగించినచో?”

“శాఖకే సంచాలకులు అయిపోతారు. ఉన్న సంచాలకుల వారు ఊరుకోరు.”

ఎక్కడ తీసినా పదోన్నతే అవుతోంది. ఇరవై రెండేళ్లు ఎదురుచూసినా రాని పదోన్నతి ఇలా నాలుగు బైట్ల కోసం వస్తుంటే పుచ్చుకునే వీలు లేకపోయింది. ఇక పేరు మీద పడ్డారు. వేంకట తీస్తే కొండ మీది ఆయనకి కోపం. సత్య తీస్తే అన్నవరం వైపు మొహం చెల్లదు. నాగ అన్నది నాయనమ్మ మొక్కు. సూర్య తీసేస్తే జాతకం తిరగబడుతుందని పుట్టినప్పుడే సిద్ధాంతి చెప్పాడట.

పేర్రాజు చేతులు కట్టుకుని, వినయంగా అన్నాడు.

“ముందున్న ‘శ్రీ’ తీసేస్తే చాలండి. ఆ ఒక్కదానికే పన్నెండు బైట్లు. మనకి కావలసింది నాలుగేనండి.”

ప్రభాకరం గారి మొహం పాలిపోయింది. ఆ గదిలోకి వచ్చాక ఆయన మామూలు మనిషిలా మాట్లాడడం పేర్రాజు అప్పుడే మొదటిసారి విన్నాడు.

“శ్రీ తీసేస్తావా? ఓరి నాయనోయ్! శ్రీ తీసేసింతర్వాత పేరు ముందు పెట్టడానికి ఇంకేముంటదయ్యా, కీర్తిశేషులు తప్ప! మా ఆవిడ చూస్తే ఏమనుకుంటది? బతికున్న మనిషినయ్యా నేను!”

“మరి ఆ అంకె మార్చడానికి లేదు కదండి,” అన్నాడు పేర్రాజు ఇంకా వినయంగా.

“ఏ అంకె? ఎంత మార్చాలి?”

“నాలుగేనండి.”

“నాలుగేనా! ఆ మాత్రానికి ఇన్నాళ్లూ జనాన్ని ఇబ్బంది పెడతారటయ్యా?” అని ప్రభాకరం గారు కసిరాడు. వెంటనే సర్దుకుని, కళ్లు మూసుకుని చెప్పాడు. “రాసుకొనుడు. అధికార మర్యాదా పరిరక్షణ నిమిత్తం, అత్యవసర పరిస్థితుల దృష్ట్యా, సదరు అంకెను నాలుగు మేరకు, తాత్కాలికంగా, మౌఖికంగా పెంచుటకు అనుమతించడమైనది. ఇది లోపం సవరించుట కాదు. మర్యాద పెంచుట.”

పేర్రాజు మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు. అంకె మార్చడానికి నిమిషం పట్టింది. అంతకుముందు ఆ కంప్యూటరుకి ప్రారంభోత్సవం నాడు వేసిన దండలూ, పెట్టిన పసుపూ తొలగించడానికి మరో పది నిమిషాలు పట్టింది. ఆ వెంటనే మూడు వారాల అర్జీలు ఒక్కసారి పైకెక్కాయి. ప్రింటరు కుయ్యోమంటూ పత్రాలు కక్కడం మొదలుపెట్టింది. మొట్టమొదట గు.లో. పత్రం తీసి చూశాడు. ఫొటో ఉండాల్సిన చోట, గడి నిండా, వేపపుల్లతో సహా పెద్ద ఎడమ చెవి ఉంది. కింద సార్ గారి సంతకం, శ్రీ నుంచి సమన్వయాధికారి దాకా, నాలుగు వరుసల్లో కళకళలాడుతోంది.

“మేడమ్, ఇప్పుడు అసలు ఫొటోయే వెళ్తదండి. పేరు కూడా పూర్తిగా పెట్టచ్చు. మళ్లీ తీద్దామండి!” అన్నాడు, తన వెనకే మెట్లెక్కి వచ్చిన మాణిక్యాంబ గారితో.

“ఎలా తీస్తాం? అయిదు సర్క్యులర్లూ అమల్లోనే ఉన్నాయి. రద్దు చెయ్యాలంటే ఫైలు పెట్టాలి,” అంది మాణిక్యాంబ గారు. గడియారం చూసి, కొంచెం గొంతు తగ్గించింది. “మూడుంబావుకి బస్సుందయ్యా. ఇచ్చేసి రా.”

నూకరత్నం పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేటి బాబూ? మా పిల్ల మొహమేదీ?”

“అదంతా తరవాత చెప్తానక్కా. ముందు బస్సెక్కండి!”

బండి అలాగే వదిలేసి తల్లీ కూతుళ్లు పరిగెత్తారు. సాయంత్రం దాకా ఇడ్లీ పాత్రకి కాపలాగా పేర్రాజే కూచున్నాడు. అయిదు దాటింది, ఆరు దాటింది. ఎవరూ రాలేదు. ఆదివారం వాడికి అన్నం సయించలేదు.

సోమవారం పొద్దున్న బండి యథాప్రకారం గేటు పక్కన ఉంది. నూకరత్నం వాణ్ణి దూరం నుంచి చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక వాడికి ఊపిరి ఆడింది.

“సేర్చుకున్నారు బాబూ! అయిదుకి పావుగంట తక్కువుందనగా ఎల్లాం. కాలేజీ మేడమ్ గారు కాయితం సూసి, ఇదేం ఫొటో అన్నారు. మా పిల్ల జుట్టు ఎనక్కి తోసి పక్కకి తిరిగి నిలబడింది. పుల్ల సూశారు, కన్నం సూశారు. సరిపోయిందన్నారు. మరి ‘వెనక’ అంటే ఏ ఊరమ్మా అన్నారు. ఐసు ఫ్యాక్టరీ ఎనకండి అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, సంతకం ఇంత పొడుగుందంటే పెద్ద ఆఫీసులోదే అయ్యుంటది, తప్పేవుంటది అని తీసేసుకున్నారు.”

పేర్రాజుకి నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండూ కలిపి ఇడ్లీతో మింగేశాడు.

సర్క్యులర్లు రద్దు చేసే ఫైలు వాడే పెట్టించాడు. అది కదిలేలోపు రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. మూడు వారాల బకాయి ఒక్క పూటలో తీర్చిన కార్యాలయం రాష్ట్రంలో ఇదొక్కటేనట. ఎలా సాధ్యమైందని ఆరా తీస్తే, నివేదికలో ప్రభాకరం గారు చెవి గురించి తొమ్మిది పేజీలు రాశాడు. అంకె గురించి రాయలేదు. లోపరహిత కార్యాలయంలో దాని ప్రస్తావన బాగుండదు. చెవి పద్ధతి చూసి నేర్చుకోవడానికి పదమూడు జిల్లాల నుంచి అధికారులు బస్సులో దిగారు. వరండాలో వరసగా స్టూళ్లు వేసి, వాళ్లనే పక్కకి తిప్పి కూచోబెట్టి, చెవుల ఫొటోలు తీసి చూపిస్తున్నారు.

నూకరత్నం ప్లేట్లు కడుగుతూ అదంతా చూసింది.

“అవును బాబూ, ఇప్పుడు మడిసి మొహం పైకెల్తందా?”

“బ్రహ్మాండంగా వెళ్తందక్కా,” అన్నాడు పేర్రాజు. “ఎవరూ అడగట్లేదు.”